మాట రాని బారిస్టరు

ఇంటికి చుట్టాలొస్తే దొడ్డిదారిన జారుకొనే పిల్లవాడు ప్రతి ఊరిలోనూ ఒకడుంటాడు. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడు. క్రిస్మసు కార్యక్రమంలో కంఠత వాక్యం చెప్పమని వేదిక ఎక్కిస్తే మొదటి నాలుగు మాటల దగ్గరే ఆగిపోతాడు. కింద కూర్చున్నవారు నవ్వుతారు. వాడు తల్లి ఎక్కడుందా అని వెదుక్కుంటాడు. ఇంటికి వచ్చాక పెద్దలు తలా ఒక మాట అంటారు. "వీడికి నోట్లో నాలుక లేదు" అని ఒకరు, "రేపు లోకంలో ఎట్లా నెగ్గుకొస్తాడో" అని మరొకరు. ఆడపిల్ల అయితే ఈ గుణాన్నే అణకువ అని మెచ్చుకుంటారు గనుక ఆ పిల్ల పడే బాధ అసలు ఎవరి కంటా పడదు.

ప్రియ పాఠకులారా, అటువంటి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఈ నెల ఒక యువకుని సంగతి చెప్పదలచాము. అతని పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఈ పేరు వినగానే, ఆయన మహాత్ముడు గదా, మన పిల్లలతో ఆయనకు పోలికేమిటి అని మీరనవచ్చు. అందుకే మేము మహాత్ముణ్ణి కాసేపు పక్కనబెట్టి, 1869లో పోర్‌బందర్‌లో పుట్టి, ఇరవై మూడేళ్లు వచ్చేవరకూ నలుగురిలో నోరు విప్పలేకపోయిన మోహన్‌దాసును గురించి మాత్రమే చెబుతాము. ఇదంతా ఆయన తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నదే. 1925 నుంచి 1929 వరకు అది గుజరాతీలో నవజీవన్ పత్రికలో వారం వారం వచ్చింది. అప్పటికే దేశమంతా ఎరిగిన మనిషి, తాను బడి నుంచి ఇంటికి భయంతో పరుగెత్తిన సంగతి అచ్చువేయించుకున్నాడంటే అది తేలిక విషయం కాదు.

పరుగెత్తే పిల్లవాడు

తండ్రి కరంచంద్ గాంధీ సంస్థానంలో దివాను. మోహన్‌దాసుకు సుమారు ఏడేళ్లప్పుడు కుటుంబం రాజ్‌కోటకు మారింది. దివానుగారి అబ్బాయంటే ఊరిలో దర్జాగా తిరుగుతాడని అనుకుంటాం. ఈ పిల్లవాడు మాత్రం గంట కొట్టే వేళకు సరిగ్గా బడిలో అడుగుపెట్టి, బడి విడిచిపెట్టగానే ఇంటికి పరుగు తీసేవాడు. వడివడిగా నడవడం కాదు, నిజంగా పరుగే. దారిలో ఎవరైనా పలకరిస్తారేమో, వేళాకోళం చేస్తారేమో అని భయం. పుస్తకాలే స్నేహితులు. హెడ్మాస్టరు వ్యాయామాన్నీ క్రికెట్టునూ తప్పనిసరి చేసేవరకు మైదానం వైపు వెళ్లలేదు. రాత్రివేళ దొంగలని, దయ్యాలని, పాములని భయం. దీపం లేకుంటే నిద్రపట్టేది కాదు. ఆ రోజుల ఆచారం ప్రకారం పదమూడో ఏటనే పెండ్లి చేశారు. ఆ ఆచారాన్ని పెద్దయ్యాక ఆయనే గట్టిగా ఖండించాడు. భార్య కస్తూరిబాయికి చీకటంటే లెక్కలేదు. తన భయాన్ని ఆమెతో చెప్పుకుందామంటే మళ్లీ సిగ్గు అడ్డం వచ్చేది.

హైస్కూలు మొదటి సంవత్సరంలో గైల్స్ అనే విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి పిల్లల చేత ఐదు ఇంగ్లీషు మాటలు రాయించాడు. వాటిలో 'కెటిల్' అనే మాటను మోహన్‌దాసు తప్పు రాశాడు. ఉపాధ్యాయుడు బూటు కొనతో తట్టి, పక్కవాడి పలక చూసి దిద్దుకొమ్మని సైగ చేశాడు. పిల్లలు కాపీ కొట్టకుండా చూడడానికే ఉపాధ్యాయుడు ఉన్నాడని నమ్మే ఈ అబ్బాయికి ఆ సైగ అర్థమే కాలేదు. తరగతి అంతా సరిగ్గా రాసింది, ఇతనొక్కడే తప్పాడు. తరువాత ఆ ఉపాధ్యాయుడు నచ్చజెప్పబోయినా పక్కవాడిది చూసి రాయడం ఇతనికి ఎన్నడూ అబ్బలేదు. నోరు మెదపని ఆ పిల్లవాడి లోపల ఒక తూకం అప్పటికే ఉంది. అయితే పరీక్షలో దానికి మార్కులు రావు గనుక ఎవరూ గమనించలేదు.

1885లో తండ్రి పోయాడు. 1887లో మెట్రిక్ గట్టెక్కింది. భావనగర్‌లోని సామల్‌దాస్ కాలేజీలో చేరితే పాఠాలేవీ తలకెక్కక ఒక్క టర్ము కాగానే ఇంటికి తిరిగి వచ్చేశాడు. కుటుంబ స్నేహితుడొకరు ఇంగ్లండుకు పంపి బారిస్టరు చదివించమని సలహా ఇచ్చారు. పదిమందిలో పలకలేని కుర్రవాణ్ణి మాటలమ్ముకొని బతికే వృత్తికి పంపడం ఏమి తెలివి అని మనకు అనిపిస్తుంది. 1888లో బయలుదేరే ముందు, తాను చదివిన హైస్కూలు పిల్లలు వీడ్కోలు సభ పెట్టారు. కృతజ్ఞత చెప్పడానికి నాలుగు మాటలు కాగితం మీద రాసుకొని వెళ్లాడు. చదవబోతే తల తిరిగింది, ఒళ్లంతా వణికింది. ఆ నాలుగు మాటలూ తడబడుతూ ఎట్లాగో ముగించాడు.

కొనుక్కున్న మాటలు

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కాడు. ఓడలో మజ్ముదార్ అనే వకీలు తప్ప తక్కినవారంతా ఇంగ్లీషువారే. ఎవరైనా పలకరిస్తే జవాబును ముందు మనసులో పేర్చుకొని గాని పలకలేడు. పేర్చుకునేలోగా అడిగినవారు వెళ్లిపోయేవారు. ముల్లుచెంచా పట్టడం రాదు. ఏ వంటకంలో మాంసం లేదో అడిగే ధైర్యం లేదు. అందుచేత భోజనాల బల్ల దగ్గరికి వెళ్లక, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పండ్లూ తన గదిలోనే తిని ప్రయాణం గడిపాడు. మాట్లాడితే తప్పులొస్తాయని భయపడవద్దు, వకీలుకు నాలుకే ఆధారం అని మజ్ముదార్ చెప్పిచూశాడు. ఫలితం లేదు.

లండనులో కొన్నాళ్లకు, నాగరికుడు కావాలనే పట్టుదల పుట్టింది. బాండ్ స్ట్రీటులో పది పౌన్లు పోసి సూటు కుట్టించాడు. నాట్యం నేర్చుకోవడానికి మూడు పౌన్లు కట్టాడు, వయొలిన్ కొనడానికి మరో మూడు పౌన్లు. సభలో మాట్లాడే విద్య నేర్పే ఉపాధ్యాయునికి ఒక గినీ చెల్లించాడు. ఆయన ఒక ఉపన్యాసాల పుస్తకం చేతికిచ్చి, పిట్ అనే ఇంగ్లీషు మంత్రి ప్రసంగం వల్లించమన్నాడు. ఈ మోజు మూడు నెలలుంది. తరువాత, ఇవన్నీ నాకెందుకు, నేను వచ్చింది చదువుకోవడానికి గదా అని అతనికే తోచి అన్నీ మానుకున్నాడు. గినీ పోయింది, నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఇప్పుడు మన చిన్న పట్టణాల్లో కూడా స్పోకెన్ ఇంగ్లీషు, వ్యక్తిత్వ వికాసం అంటూ బోర్డులు కనిపిస్తాయి. వాటిని మేము తప్పుపట్టడం లేదు. భాష నేర్చుకోవడం మంచిదే. అయితే ఆ గినీ సంగతి చదివినప్పుడు మాకు తోచినదొకటి ఉంది. మోహన్‌దాసుకు కొరవడింది మాటలు పలికే పద్ధతి కాదు. ఎవరో పాతకాలపు మంత్రి మాటలు వల్లిస్తే, తన గుండెలో ఉన్న మాట ఎట్లా బయటకొస్తుంది?

గుండెలో మాట లేకపోలేదు. మద్యం, మాంసం ముట్టనని, పరస్త్రీ జోలికి పోనని తల్లి పుత్లీబాయికి మాట ఇచ్చి వచ్చాడు. ఆ మాట నిలుపుకోవడానికి శాకాహార భోజనశాలలు వెదుకుతూ వెదుకుతూ శాకాహార సంఘంవారితో పరిచయమై, వారి కార్యవర్గంలో సభ్యుడయ్యాడు. ప్రతి సమావేశానికీ వెళ్లేవాడు. ఒక్క దానిలోనూ నోరు విప్పలేదు. ఓల్డ్‌ఫీల్డ్ అనే స్నేహితుడు, నాతో బాగానే మాట్లాడతావు గదా, అక్కడ పలకవేం, తుట్టెలో పని చేయని మగ ఈగలాగా ఉన్నావు అని ఎగతాళి చేశాడు. మోహన్‌దాసుకు అది కోపం తెప్పించలేదు. నిజమే గదా అనుకున్నాడు.

ఆ సంఘంలో ఒక తగవు వచ్చింది. సంఘాధ్యక్షుడు హిల్స్‌గారు ఇనుప కర్మాగారం యజమాని. సంఘం నడిచేది చాలావరకు ఆయన డబ్బుతోనే. ఆలిన్సన్ అనే వైద్యుడు సంతాన నిరోధాన్ని ప్రచారం చేస్తున్నాడని, నీతికి విరుద్ధమైన మనిషి సంఘంలో ఉండకూడదని హిల్స్‌గారు తొలగించబోయారు. ఆలిన్సన్ అభిప్రాయాలు మోహన్‌దాసుకూ నచ్చవు. హిల్స్‌గారంటే గౌరవం కూడా. అయినా శాకాహారం కోసం పెట్టుకున్న సంఘంలోనుంచి వేరే సంగతి మీద మనిషిని వెళ్లగొట్టడం న్యాయం కాదని అతనికి గట్టిగా తోచింది. ఆ మాట నిలబడి చెప్పే ధైర్యం లేదు. కాగితం మీద రాసుకొని వెళ్లాడు. అక్కడ చదవడానికి కూడా నోరు రాలేదు. అధ్యక్షుడు ఇంకొకరిచేత చదివించారు. ఓట్లలో ఆలిన్సన్ పక్షం ఓడిపోయింది.

మా దృష్టిలో ఈ యువకుని జీవితంలో అన్నిటికంటె గమనించదగిన ఘట్టం ఇదే. తనకు నచ్చని మనిషి తరఫున, తనకు ఇష్టమైన పెద్దమనిషికి ఎదురుగా, ఓడిపోయే పక్షాన నిలబడ్డాడు. అదీ మాట పెగలకుండానే. సిగ్గరి పిల్లవాణ్ణి పిరికివాడనే ముందు కాస్త ఆలోచించాలి.

వెంట్‌నర్ అనే ఊరిలోనూ ఇట్లాగే జరిగింది. శాకాహారం మీద మాట్లాడమంటే ఒక్క పేజీ రాసుకొని లేచాడు. కళ్లు మసకలు కమ్మాయి, కాళ్లూ చేతులూ వణికాయి. పక్కనున్న మజ్ముదార్ ఆ కాగితం తీసుకొని చదివిపెట్టాడు. నిర్గమకాండము చదివినవారికి ఇక్కడ మోషే గుర్తుకు రాకపోడు. తాను నోటి మాంద్యము గలవాడనని మోషే మొరపెట్టుకుంటే, దేవుడు అతని నాలుకను అప్పటికప్పుడు సరిచేయలేదు, తోడుగా అన్నయైన అహరోనును ఇచ్చాడు. ఎగతాళి చేయకుండా కాగితం అందుకొని చదివిపెట్టే మనిషి ఒకడు దొరకడం సామాన్యమైన మేలు కాదు.

లండను విడిచివచ్చే ముందురోజు స్నేహితులకు హాల్‌బర్న్ రెస్టారెంటులో విందు ఇచ్చాడు. ఈసారి ఎట్లాగైనా చమత్కారంగా మాట్లాడాలని ఒక పిట్టకథ సిద్ధం చేసుకున్నాడు. అడిసన్ అనే ఇంగ్లీషు రచయిత పార్లమెంటులో తొలిసారి లేచి "నేను తలంచునదేమనగా" అని మూడుసార్లు అని ముందుకు సాగలేకపోయాడట. ఆ ఇంగ్లీషు మాటకు తలంచుట అనీ, గర్భము ధరించుట అనీ రెండర్థాలున్నాయి. సభలో ఒకడు లేచి, ఈ పెద్దమనిషికి మూడుసార్లు కడుపొచ్చినా ఒక్క కాన్పూ కాలేదన్నాడట. మోహన్‌దాసు ఈ కథ చెబుదామని లేచి మొదటి వాక్యం అన్నాడు. అంతే, కథ కాస్తా ఎగిరిపోయింది. వచ్చినందుకు వందనాలు అని చెప్పి కూర్చున్నాడు. అడిసన్ కథ చెప్పబోయి అడిసన్ పాలబడ్డాడు.

ముప్పై రూపాయల కేసు

1891 జూన్ 10న బారిస్టరు పట్టా చేతికొచ్చింది, 12న ఓడ ఎక్కాడు. తల్లి చనిపోయిన వార్త పరదేశంలో ఉండగా తెలియనివ్వవద్దని అన్నగారు దాచిపెట్టారు. ఇల్లు చేరాకే తెలిసింది.

ప్రాక్టీసు కోసం బొంబాయి వెళ్లాడు. దళారీలకు కమీషను ఇవ్వనన్నాడు గనుక కేసులు రాలేదు. చివరికి స్మాల్ కాజెస్ కోర్టులో మామీబాయి అనే ఆమె కేసు వచ్చింది. ఫీజు ముప్పై రూపాయలు. ఒక్కరోజులో తేలిపోయే చిన్న వ్యాజ్యం. ఇతడు ప్రతివాది తరఫు. వాది సాక్షులను ప్రశ్నించడానికి లేచాడు. గుండె జారిపోయింది, తల తిరిగింది, కోర్టు మొత్తం గిర్రున తిరుగుతున్నట్లనిపించింది. అడగడానికి ఒక్క ప్రశ్నా తోచలేదు. కూర్చుండిపోయాడు. ఈ కేసు నావల్ల కాదు, పటేల్‌గారిని పెట్టుకోండి, నా ఫీజు వాపసు తీసుకోండి అని కక్షిదారు మనిషితో చెప్పి బయటపడ్డాడు. పటేల్‌గారు యాభై ఒక్క రూపాయలు తీసుకున్నారు. ఆయనకది చిటికెలో పని. కేసు గెలిచిందో ఓడిందో కూడా మన బారిస్టరుకు తెలియదు.

తరువాత పేపరులో ప్రకటన చూసి ఒక హైస్కూలులో రోజుకు గంటసేపు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు, జీతం 75 రూపాయలు. డిగ్రీ లేదని అదీ ఇవ్వలేదు. రాజ్‌కోటకు తిరిగి వెళ్లి అర్జీలు రాసుకుంటూ గడిపాడు. రాతపనిలో రాబడి బాగానే ఉండేది. కోర్టులో నిలబడి వాదించే పని మాత్రం లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ సాయంత్రం బొంబాయి కోర్టు మెట్ల దగ్గర ఎవరైనా ఈ యువకుణ్ణి చూసి, ఇతని భవిష్యత్తేమిటో చెప్పండి అని అడిగితే మనం ఏమి చెప్పేవారం? అన్న అప్పులు చేసి చదివించాడు. భార్య, బిడ్డ ఇంటిదగ్గర ఉన్నారు. చేతిలో పట్టా ఉంది, నోటిలో మాట లేదు. మన పల్లెల్లో భాష ఉంది గదా, దండగ్గా చదివించారని.

కోటు అడగలేని మనిషి

1893లో పోర్‌బందరుకు చెందిన దాదా అబ్దుల్లా కంపెనీవారు దక్షిణాఫ్రికాలో తమ వ్యాజ్యం చూసే పెద్ద వకీళ్లకు సాయంగా ఒక సంవత్సరం ఉండమని పిలిచారు. రానుపోను ఫస్టుక్లాసు చార్జీలు, ఖర్చులు పోగా 105 పౌన్లు. ఉద్యోగమంటే నిజానికి గుమాస్తా పనే. ఇతడు బేరమాడలేదు, వెళ్లాడు.

డర్బన్ నుంచి ప్రిటోరియాకు వెళ్లే దారిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, ఫస్టుక్లాసు టిక్కెట్టు ఉన్నా నల్లవాడని రైలునుంచి దింపేసిన సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పాఠాల్లో సాధారణంగా కనబడని చిన్న వివరం ఒకటి ఉంది. అది అక్కడ ఎముకలు కొరికే చలికాలం. ఓవరుకోటు సామానులో ఉంది, సామాను స్టేషనువారి దగ్గర ఉంది. వెళ్లి అడిగితే మళ్లీ అవమానిస్తారేమోనని అడగకుండా, చీకటి గదిలో రాత్రంతా వణుకుతూ కూర్చున్నాడు. చరిత్రను మలుపుతిప్పిన రాత్రి అని అందరూ చెప్పే ఆ రాత్రి కూడా ఇతడు తన కోటు తాను అడిగి తెచ్చుకోలేని మనిషే. తెల్లవారాక రైల్వే జనరల్ మేనేజరుకు పొడుగాటి టెలిగ్రాం మాత్రం కొట్టాడు. రాయడం వచ్చు గదా.

ప్రిటోరియా చేరిన వారం లోపలే తాను వచ్చిన వ్యాజ్యంలో ఎదుటి పక్షమైన తయ్యబ్ సేఠ్‌తో పరిచయం చేసుకొని, ఈ ఊరిలోని భారతీయులందరినీ ఒకచోట చేర్చమని అడిగాడు. ఒక వర్తకుని ఇంట్లో సమావేశం జరిగింది. వచ్చినవారు చాలామంది మేమన్ ముస్లిం వర్తకులు, కొద్దిమంది హిందువులు. మోహన్‌దాసు లేచి మాట్లాడాడు. వ్యాపారంలో నిజాయితీ కుదరదనే వాదన తప్పని, పరదేశంలో మనలో ఒకడు చేసిన తప్పు లక్షలాది మనవారి మీదికి వస్తుందని, పరిశుభ్రత పాటించాలని, హిందూ ముస్లిం క్రైస్తవ తేడాలు మరచి ఒక సంఘంగా ఏర్పడాలని చెప్పాడు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం ఇదేనని ఆయనే రాశాడు. గొంతు పట్టలేదు, తల తిరగలేదు.

ఏమి జరిగింది? వారం పది రోజుల్లో నాలుక మారిపోతుందా? మాకు తోచినది ఇది. లండనులో అతడు లేచినప్పుడల్లా, నేనెట్లా కనబడుతున్నాను అనే చింత కూడా అతనితో పాటు లేచేది. బొంబాయిలో తన పేరు, తన ఫీజు. ప్రిటోరియాలో తన మీద నుంచి చూపు తొలగిపోయింది. ఎదుట కూర్చున్నవారు తాను తిన్న అవమానాలే రోజూ తింటున్నవారు. గది చిన్నది, మనుషులు తనవారు. విషయం తాను ముందే ఆలోచించి సిద్ధం చేసుకున్నది. చెప్పకపోతే నష్టపోయేది తాను కాదు, వారు. సిగ్గు పోయిందని మేము అనము. దానికంటె బరువైనదొకటి తక్కెడలో రెండో వైపు పడింది.

ఆ సమావేశంలోనే ఇంగ్లీషు రానివారికి నేర్పుతానన్నాడు. ముగ్గురు ముందుకొచ్చారు. ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిల్లర కొట్టువాడు. మంగలికి తన గిరాకీలతో మాట్లాడేటంత ఇంగ్లీషు వస్తే చాలు. మా పని మానుకొని రాలేము, మీరే రావాలి అన్నారు. బారిస్టరు సరేనన్నాడు. వారి వారి చోట్లకు వెళ్లి, వారు తీరుబడి అయ్యేవరకు కూర్చొని సుమారు ఎనిమిది నెలలు నేర్పాడు. వారిలో ఇద్దరు లెక్కలు రాసుకొని, మామూలు వ్యాపారపు ఉత్తరాలు రాయగలిగే స్థితికి వచ్చారు. డెబ్బై అయిదు రూపాయల ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా పనికిరాడని బొంబాయిలో వెనక్కి పంపబడినవాడు ఇతడే.

వచ్చిన పని కూడా బాగా చేశాడు. లెక్కల పుస్తకాలన్నీ చదివి వ్యాజ్యంలోని వాస్తవాలు పూస గుచ్చినట్టు నేర్చుకున్నాడు. ఇరుపక్షాలనూ మధ్యవర్తిత్వానికి ఒప్పించాడు. ఓడిన తయ్యబ్ సేఠ్ ఒక్కసారిగా కట్టలేడని తెలిసి, వాయిదాల మీద తీసుకొమ్మని తన యజమానినే బతిమాలి ఒప్పించాడు. వకీలు వృత్తి అంటే కోర్టులో గర్జించడమే కాదని అతనికి అప్పుడు తెలిసింది.

1894లో నేటాలులో భారతీయులకు ఓటు హక్కు తీసివేసే బిల్లు వచ్చింది. స్వదేశానికి బయలుదేరినవాడు అక్కడే ఆగి, పక్షం రోజుల్లో పదివేల సంతకాలతో అర్జీ తయారుచేయించాడు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళ, తెలుగు జిల్లాల కూలీలు ఒప్పందం మీద చెరకు తోటలకు వెళ్లింది ఆ నేటాలుకే. ఒకనాడు బాలసుందరం అనే తమిళ కూలీ వచ్చాడు. చిరిగిన బట్టలు, విరిగిన రెండు ముందరి పళ్లు, నోటినుంచి నెత్తురు. యజమాని కొట్టాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకొని వణుకుతూ నిలబడ్డాడు. దొరల ముందు తలపాగా తీయాలని అక్కడ కూలీలకు అలవాటు చేశారు. గాంధీ మొదట అతణ్ణి తలపాగా చుట్టుకొమ్మన్నాడు. సందేహిస్తూ చుట్టుకున్నాడుగాని అతని ముఖంలో సంతోషం కనిపించింది. ఆ తరువాతే కేసు సంగతి. నలుగురి ముందు చిన్నబోవడమంటే ఏమిటో చిన్నప్పటినుంచి ఎరిగినవాడికే ఆ తలపాగా కంటబడుతుందని మేమనుకుంటాము.

సిగ్గు పోయిందా?

పోలేదు. ఈ మాట దాచితే పాఠకులను మోసగించినట్లే. నేటాలులో అంత పని చేసిన తరువాత 1896లో బొంబాయి వస్తే, ఫిరోజ్‌షా మెహతాగారు అధ్యక్షులుగా పెద్ద సభ జరిగింది. ప్రసంగం ముందే రాసి అచ్చువేయించమని మెహతాగారు పట్టుబట్టారు. అది మంచిదే అయింది. సభలో గాంధీగారి గొంతు వణికింది. గట్టిగా, ఇంకా గట్టిగా అని అధ్యక్షులు అంటున్నకొద్దీ గొంతు ఇంకా కిందికి పోయింది. చివరికి వాచాగారు లేచి చదివిపెట్టారు. 1901లో కలకత్తా కాంగ్రెసులో దక్షిణాఫ్రికా తీర్మానం మీద మాట్లాడుతుంటే గంట మోగింది. ఇంకా రెండు నిమిషాలుందని హెచ్చరించే గంట అది. ఆ పద్ధతి తెలియక, ముగించమంటున్నారనుకొని నొచ్చుకొని కూర్చుండిపోయాడు. అప్పటికి ముప్పై రెండేళ్లు. సిగ్గును తాను పూర్తిగా ఎన్నడూ జయించలేదని, అయితే అది తనకు తక్కువ మాటలతో సరిపెట్టుకోవడం నేర్పిందని, తొందరపడి మాట జారకుండా కాపాడిందని ఆయన రాశారు.

కనుక తల్లిదండ్రులారా, మీ సిగ్గరి బిడ్డను గలగల మాట్లాడే పక్కింటి బిడ్డగా మార్చాలని పూనుకోవద్దు. చుట్టాల ముందు నిలబెట్టి పాట పాడమని బలవంతపెట్టడం వల్ల గాని, "వీడింతే" అని వాడు వినేటట్టు చెప్పడం వల్ల గాని మేలు జరగదు. ఆ మాట వాడి చెవిలో చాలాకాలం ఉంటుంది. ఇంటికొచ్చిన ముసలాయనకు ఉత్తరం చదివిపెట్టే పని, చిన్న తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే పని, పాలకేంద్రంలో లెక్క రాయించుకొచ్చే పని, ఇట్లాంటివి అప్పగించండి. ఒకరికి అవసరమైన మాట అయితే అది తనకు తానే దారి చూసుకుంటుంది.

అన్నీ సిగ్గు కిందికే రావని కూడా చెప్పాలి. పిలిస్తే పలకని పిల్లవానికి వినికిడి లోపం ఉండవచ్చు. నత్తి తెలివితక్కువతనం కాదు, దానికి శిక్షణ ఇచ్చే నిపుణులున్నారు. ఇంట్లో బాగా మాట్లాడే బిడ్డ బడిలో నెలల తరబడి ఒక్క మాటా పలకకపోతే అది మొండితనం కాదు, వైద్యులు గుర్తించిన ఒక రకమైన ఆందోళన. పిల్లల వైద్యునికో మానసిక వైద్యునికో చూపించాలి. తాయెత్తులూ బెత్తమూ దీనికి మందు కాదు.

యౌవనుల కూటములు నడిపేవారికి ఒక సంగతి. 1894లో స్థాపించిన నేటాల్ ఇండియన్ కాంగ్రెసు సమావేశాలకు వచ్చేవారిలో వర్తకులూ గుమాస్తాలూ ఉండేవారు. మిషను బడుల్లో చదువుకున్న క్రైస్తవ యువకులను చేర్చడానికి ప్రత్యేకంగా పాటుపడ్డారు. కోర్టు దుబాసీ అయిన పాల్‌గారు, మిషను స్కూలు హెడ్మాస్టరు గాడ్‌ఫ్రేగారు ఆ పని మీద వేసుకున్నారు. సభలంటే ఎరుగని మనుషులు. లేచి మాట్లాడడానికి ప్రతివాడూ వెనుకాడేవాడు. గాంధీగారు ప్రసంగాలతో వారిని ముంచెత్తలేదు. సభ నడిపే నియమాలేమిటో, విషయం మీదనే క్లుప్తంగా మాట్లాడడం ఎట్లాగో ఓపికగా వివరించి, ఆ నియమాల ప్రకారం ఒక్కొక్కరినీ మాట్లాడనిచ్చారు. ఎన్నడూ పదిమందిలో నోరెత్తనివారు చాలామంది, కొద్దికాలంలోనే తమ ఊరి సంగతులు తామే లేచి చెప్పడం నేర్చుకున్నారు.